శ్లాబు వేడికి మందు డాబా పైన వేయాలి, ఫాల్స్ సీలింగ్‌లో కాదు

మీరు చెప్పిన వివరాలు ఇవీ: గుంటూరులో జీ ప్లస్ వన్ ఇల్లు. పై అంతస్తు 1100 చదరపు అడుగులు, అయిదంగుళాల శ్లాబు, వేసి పన్నెండేళ్లయింది. మే నెలలో రాత్రి పదకొండింటికి కూడా ఫ్యాను వేస్తే వేడిగాలే కొడుతోంది. అమ్మానాన్నల గదిలో టన్నున్నర ఏసీ ఆగకుండా తిరుగుతోంది, కరెంటు బిల్లు వచ్చే రోజంటే టెన్షన్. ఇంటీరియర్ కాంట్రాక్టరేమో ఇల్లంతా థర్మాకోల్ పెట్టి ఫాల్స్ సీలింగ్ చేయిద్దామంటున్నాడు. పక్కింటాయన డాబా మీద రేకుల షెడ్డు వేయమంటున్నాడు. డాలస్‌లో ఉన్న మీ తమ్ముడు ఇన్సులేషన్ పెట్టించమంటున్నాడు. మూడిట్లో ఏది మంచిదని అడిగారు.

మొదటి పని ఈ మూడిట్లో ఏదీ కాదు. ముందు డాబా పైభాగాన్ని బాగుచేయించి తెల్లగా చేయండి. ఒక ఎండాకాలం గడిపి చూడండి. అప్పటికీ చాలదనిపిస్తే ఏసీ ఉన్న గది మీద మాత్రం, శ్లాబు పైవైపున, ఇన్సులేషన్ వేయించండి. ఫాల్స్ సీలింగ్ అన్నిటికన్నా చివర, అదీ అందం కోసం కావాలనుకుంటేనే. నేను చాలా కాలంగా గుంటూరు, విజయవాడ వైపు డాబాల లీకులు, వాటర్ ప్రూఫింగ్, కప్పుల పనులే చేయిస్తున్నాను. ఈ వరస ఎందుకు చెప్తున్నానో వివరిస్తాను.

మీ శ్లాబు బరువు ఎప్పుడైనా లెక్కేశారా? ఆ విస్తీర్ణానికి, ఆ మందానికి సుమారు 30 టన్నుల కాంక్రీటు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా ఆ ముప్పై టన్నులూ ఎండలో కాగుతుంటాయి. మిట్టమధ్యాహ్నం చదరపు మీటరు మీద దాదాపు వెయ్యి వాట్ల ఎండ పడుతుంది. నాచు పట్టి నల్లబడిన పాత డాబా అందులో ముప్పావు వంతు దాకా పీల్చేస్తుంది. మన ప్రాంతంలో మే నెల మధ్యాహ్నం పైపొర అరవై డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడి కాంక్రీటులోంచి దిగి లోపలి వైపుకి రావడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే బయట ఎండ తగ్గాక మీ గదిలో అసలు కథ మొదలవుతుంది. రాత్రి ఎనిమిదింటికి స్టూలెక్కి అరచెయ్యి సీలింగ్‌కి ఆనించండి. తర్వాత ఉత్తరం గోడకి ఆనించండి. తేడా చేతికే తెలుస్తుంది. ఫ్యానుని తిట్టుకుని లాభం లేదు, సీలింగ్ దగ్గర పోగైన వేడిగాలినే అది కిందికి తోస్తోంది. ఫ్యాను ఆపినా కాగిన సీలింగ్ నుంచి వేడి నేరుగా ఒంటికి తగులుతూనే ఉంటుంది. గదిలో థర్మామీటరు 33 చూపిస్తున్నా మనకి 36లా అనిపించేది దీనివల్లే.

ఇప్పుడు ఏసీ గది లెక్క చూద్దాం. పన్నెండు బై పధ్నాలుగు గది అనుకుందాం, అంటే పైకప్పు సుమారు 15.6 చదరపు మీటర్లు. బయట 42 డిగ్రీలు, లోపల ఏసీ 26. ఎండ వేడి కూడా కలుపుకుంటే నల్లబడిన డాబా మీద దాదాపు 70 డిగ్రీల గాలి ఉన్నట్టు లెక్క. ఇన్సులేషన్ లేని మామూలు శ్లాబు, చదరపు మీటరుకి, ఒక్కో డిగ్రీ తేడాకి మూడు వాట్ల పైచిలుకు వేడిని లోపలికి వదులుతుంది. గుణిస్తే రెండు వేల వాట్ల పైనే తేలుతుంది. శ్లాబు బరువు వల్ల ఆ వేడి కాస్త తగ్గి, ఆలస్యంగా దిగుతుంది నిజమే. అయినా ఒక టన్ను ఏసీ అంటే దాదాపు 3500 వాట్ల వేడిని లాగేసే శక్తి. మీ టన్నున్నరలో అర టన్ను దాకా ఒక్క పైకప్పుకే సరిపోతోంది. మనుషులు, గోడలు, కిటికీలు, తలుపు తీసినప్పుడల్లా వచ్చే గాలి, ఇవన్నీ మిగిలిన దాంట్లో సర్దుకోవాలి.

అదే డాబా తెల్లగా ఉండి ఎండలో ముప్పావు వంతు తిప్పి కొట్టిందనుకోండి. అదే లెక్కలో రెండు వేల చిల్లర కాస్తా పదకొండు వందల దగ్గరికి వస్తుంది. రంగు మార్చకుండా రెండంగుళాల ఎక్స్‌పీఎస్ (ఎక్స్‌ట్రూడెడ్ పాలిస్టైరీన్ అనే గట్టి నురుగు పలక) షీటు మాత్రమే వేస్తే 350 లోపు. రెండూ కలిపితే 200 లోపు. అంకెలు చూడగానే, మరి ఇన్సులేషనే మొదట వేద్దాం కదా అంటారు. ఆగండి, దానికి రెండు అడ్డంకులున్నాయి. ఒకటి ఖర్చు. రెండోది, మీ ఇంట్లో ఏసీ ఉన్నది ఒక్క గదిలోనే. హాలు, వంటగది, ఇంకో పడకగది ఫ్యాన్లతో నడుస్తున్నాయి. ఏసీ లేని గదుల్లో పొయ్యి వేడి, మనుషుల వేడి, పడమటి గోడ వేడి లోపలే పోగవుతాయి. రాత్రి ఆ వేడి బయటికి పోయే దారుల్లో శ్లాబు కూడా ఒకటి, మందంగా ఇన్సులేషన్ పెట్టి ఆ దారి మూసేస్తే రాత్రంతా కిటికీలు బార్లా తీసి గాలి ఆడించుకోవాలి. తెల్లరంగుకి ఈ పేచీ లేదు. పగలు ఎండని ఆపుతుంది, రాత్రి శ్లాబు తన వేడిని ఆకాశంలోకి వదిలేయడానికి అడ్డుపడదు. అందుకే ఫ్యాన్ల గదులకు తెలుపు, ఏసీ గదికి తెలుపుతో పాటు ఇన్సులేషన్ అంటున్నాను.

మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఇళ్ల కోసం బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాళ్లు 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం, నేను పైన మూడు పైచిలుకు అన్న ఆ అంకె 1.2 దాటకూడదు. మన ఊళ్లలో కడుతున్న ఇళ్లలో దాన్ని అందుకునేవి నా కంటికి అరుదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో అయిదేళ్లకి కూల్ రూఫ్ (ఎండని తిప్పికొట్టే కప్పు) విధానం ప్రకటించింది. అందులో 600 గజాలకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకి ఇది తప్పనిసరి, అంతకన్నా చిన్నవాటికి ఐచ్ఛికం. మీరు గుంటూరులో ఉన్నారు కాబట్టి ఆ నిబంధన మీకు వర్తించదు. కానీ ఎండకి ఆ సరిహద్దు తెలియదు కదా.

ఇక పని గురించి. దీన్ని ఎక్కువమంది చెడగొట్టుకునేది రంగు దగ్గర కాదు, రంగుకి ముందు చేయాల్సిన పని దగ్గర.

ముందు డాబా మీద నాలుగైదు బకెట్ల నీళ్లు పోసి వాటం చూడండి. తూముల వైపు నీళ్లు వెళ్తున్నాయా, మధ్యలో ఎక్కడైనా మడుగు కడుతోందా? అరగంట తర్వాత కూడా నీళ్లు నిలిచిన చోటు చుట్టూ సుద్దతో గీత గీయండి. ఆ గుంటలు పూడ్చకుండా ఎంత ఖరీదైన కోటింగ్ వేసినా మొదటి వానాకాలంలోనే అక్కడ ఉబ్బి ఊడుతుంది. తర్వాత పిట్టగోడ అడుగున, శ్లాబు గోడా కలిసే మూల చుట్టూ నడవండి. పన్నెండేళ్ల ఇళ్లలో సగం లీకులు అక్కడే పుడతాయి. మేస్త్రి చేత ఆ మూలని చెక్కించి, సిమెంటుతో గుండ్రంగా గోలా కట్టించండి. వాటర్ ట్యాంకు దిమ్మె చుట్టూ, పైపులు శ్లాబులోంచి దిగే చోట కూడా ఇంతే. వెంట్రుకవాసి పగుళ్లయితే క్రాక్ ఫిల్లర్ చాలు. వేలిగోరు దూరేంత పగులైతే వి ఆకారంలో చెక్కి, నింపి, పైన ఫైబర్ మెష్ అతికించాలి. లోపలివైపు సీలింగ్‌లో పెచ్చులూడి చువ్వలు తుప్పు పట్టి కనిపిస్తుంటే మాత్రం రంగు పని పక్కన పెట్టి, ముందు స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించండి.

నాచుని వైర్ బ్రష్‌తో గీకించి నీళ్లతో కడిగించాక డాబా పూర్తిగా ఆరాలి. పైకి ఆరినట్టున్నా లోపల చెమ్మ ఉంటుంది. దీనికి తేలికైన పరీక్ష ఉంది. రెండడుగుల పాలిథీన్ ముక్క తీసుకుని నాలుగు అంచులూ టేపుతో డాబాకి అతికించి, రాత్రంతా వదిలేయండి. పొద్దున తీసి చూస్తే అడుగున నీటి చుక్కలు కనిపించాయా, ఇంకా రెండు రోజులు ఆగాలి. పెయింటరు నవ్వితే నవ్వనివ్వండి.

కోటింగ్ ఎండలో వేయించకండి. కాలుతున్న శ్లాబు మీద వేస్తే పైపొర క్షణాల్లో ఆరిపోయి, అడుగున నీరు చిక్కుకుని బుడగలు లేస్తాయి. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిది, తొమ్మిదిన్నరకి ఆపేయాలి. మళ్లీ సాయంత్రం ఎండ దిగాకే. మొదట ప్రైమర్, తర్వాత ఒక కోటు నిలువుగా, రెండోది అడ్డంగా. పరిమాణం దగ్గర గట్టిగా ఉండండి. చాలా ఎలాస్టోమెరిక్ (ఆరాక రబ్బరులా సాగే) కోటింగ్‌లు రెండు కోట్లకి కలిపి లీటరుకి సుమారు ఇరవై చదరపు అడుగులే వస్తాయి. ఖచ్చితమైన అంకె డబ్బా మీదే ఉంటుంది. ఆ లెక్కన మీ డాబాకి ఇరవై లీటర్ల డబ్బాలు దాదాపు మూడు కావాలి. ఒక్క డబ్బాతో ఇల్లంతా లాగించేస్తానన్నాడంటే నీళ్లు కలుపుతున్నాడనే అర్థం. ఖాళీ డబ్బాలు మీ ముందు లెక్కపెట్టించుకోండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు.

కొనేటప్పుడు డబ్బా మీద హీట్ ప్రూఫ్, నానో లాంటి మాటలు చూసి మోసపోవద్దు. ఎస్‌ఆర్‌ఐ, అంటే సోలార్ రిఫ్లెక్టెన్స్ ఇండెక్స్, ఎంతో అడగండి. ప్రామాణిక నలుపుకి సున్నా, ప్రామాణిక తెలుపుకి వంద అనుకుంటే ఆ స్కేలులో ఇది ఎక్కడుందో చెప్పే అంకె అది. 80 కన్నా తక్కువది తీసుకోవద్దని నా సలహా. టెక్నికల్ డేటా షీటులో ఆ అంకె లేకపోతే అది మామూలు తెల్లరంగే. గోడలకి వేసే ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ తెల్లగానే ఉంటుంది, చవకే, కానీ నీళ్లు నిలిచే నేల మీద అది పెచ్చులుగా లేచిపోతుంది. ఇంకో మాట. గది లోపల సీలింగ్‌కి వేస్తే చల్లబడుతుందని అమ్మే రంగులున్నాయి. అర మిల్లీమీటరు పొర వేడిని ఆపలేదు. ఆ డబ్బుతో రెండు మామిడి మొక్కలు కొనుక్కోండి.

ఖర్చు భరించలేమనుకునేవాళ్లకి సున్నం ఉండనే ఉంది. నాణ్యమైన సున్నాన్ని రాత్రంతా నానబెట్టి, వడగట్టి, ఫెవికాల్ లాంటి బంక కలిపి రెండు మూడు చేతులు వేయాలి. కొత్తలో మంచి కోటింగ్‌కి దీటుగానే ఎండని తిప్పికొడుతుంది. ఒక్క వానాకాలంతో సగం కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేసుకోవాల్సిందే. శివరాత్రి వెళ్లగానే వేసుకుంటే రోహిణి కార్తె దాకా ఢోకా ఉండదు. సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం, అద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ కలపనివ్వకండి. అద్దె ఇంట్లో ఉంటూ యజమాని ఖర్చు పెట్టని వాళ్లకి నేను చెప్పేది ఇదే.

మూడో దారి తెల్లటి కూల్ టైల్స్, లేదా పగిలిన తెల్ల టైల్ ముక్కలతో వేసే చైనా మొజాయిక్. ఖర్చు కోటింగ్‌కి కొన్ని రెట్లు, మన్నిక కూడా అంతే. డాబా మీద రోజూ తిరిగే కుటుంబాలకి, బట్టలారేసుకునేవాళ్లకి, వడియాలు పెట్టుకునేవాళ్లకి ఇది నయం. కోటింగ్ వేసిన డాబా మీద మిరపకాయలు నేరుగా ఆరబోస్తే ఎర్రటి మరకలు పోవు, గుంటూరులో ఈ మాట మీకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. కింద పాత దుప్పటి పరుచుకోండి. టైల్ అయినా కోటింగ్ అయినా నున్నటిది తీసుకోవద్దు, వానలో పెద్దవాళ్లు జారిపడతారు. ఒక్క చిక్కు ఉంది: మధ్యాహ్నం పైకెళితే కళ్లు జిగేల్‌మంటాయి. పక్కన మీకన్నా ఎత్తైన ఇల్లుంటే వాళ్ల కిటికీలోకి కూడా ఆ వెలుగు కొడుతుంది. ముందే ఒక మాట చెప్పి పెట్టుకోండి.

ఏది వేసినా దుమ్ము దాని శత్రువు. ఏడాది తిరిగేసరికి తెలుపు మాసి, తిప్పికొట్టే శక్తి గణనీయంగా పడిపోతుంది. ఎండలు ముదరకముందే ఒకసారి, మధ్యలో ఇంకోసారి చీపురుతో రుద్ది కడిగితే చాలావరకు వెనక్కి వస్తుంది. ఫలితం ఎంతుంటుందంటారా? గదిలో గాలి రెండు మూడు డిగ్రీలు తగ్గితే బాగా పనిచేసినట్టే. పది డిగ్రీలు తగ్గుతుందని చెప్పేవాడు డాబా పైపొర గురించి చెప్తున్నాడు, గది గురించి కాదు. కానీ సీలింగ్ చల్లబడడం వల్ల ఒంటికి తెలిసే ఉపశమనం థర్మామీటరు చూపించేదానికన్నా ఎక్కువ.

ఇప్పుడు మీ కాంట్రాక్టరు చెప్పిన ఫాల్స్ సీలింగ్. దానివల్ల లాభం లేదని నేను అనను. మధ్యలో గాలి ఖాళీ, జిప్సం బోర్డు కలిసి వేడిని కొంత ఆపుతాయి, పైన ఇన్సులేషన్ కూడా పెడితే బాగానే ఆపుతాయి. కానీ మీ ముప్పై టన్నులూ కాగడం మానవు. పొయ్యి మంట తగ్గించకుండా చేతికి మసిగుడ్డ చుట్టుకున్నట్టు ఉంటుంది వ్యవహారం. శ్లాబు రోజూ పగలు సాగుతుంది, రాత్రి ముడుచుకుంటుంది. గోడా శ్లాబూ కలిసే చోట సన్నటి పగుళ్లు రావడానికి, పైన వాటర్ ప్రూఫింగ్ తొందరగా చెడడానికి అదే మూలం. పైగా లీకు మొదలైతే సీలింగ్ బోర్డు నాని మచ్చ పడేదాకా మీకు తెలియదు. అప్పటికి లోపల చువ్వలు తడిసి ఎంతకాలమైందో దేవుడికే తెలియాలి. ఇక మామూలు థర్మాకోల్ అంటుకుంటే నల్లటి పొగ కక్కుతూ కాలుతుంది. వైర్లు, లైట్ల పాయింట్లు నడిచే చోట దాన్ని దాచిపెట్టడం నాకు సుతరామూ ఇష్టం లేదు. పెట్టక తప్పదంటే రాక్‌వూల్ లాంటి కాలని సరుకు అడగండి.

అయితే అపార్టుమెంటులో చివరి అంతస్తు వాళ్ల సంగతి వేరు. డాబా అందరిదీ, అసోసియేషన్ ఒప్పుకోదు, కింద వాళ్లకి వేడి తెలియదు. వాళ్లకి లోపలి వైపు ఇన్సులేషన్ తప్ప గత్యంతరం ఉండకపోవచ్చు. అలాంటప్పుడు కూడా లీకులు పోగొట్టే ఖర్చులో తెల్ల కోటింగ్ కలిపేద్దామని మీటింగ్‌లో పెట్టి చూడండి. వాటర్ ప్రూఫింగ్ అనగానే అందరి చేతులూ లేస్తాయి.

మీ తమ్ముడి మాట తప్పు కాదు, ఇల్లు వేరు. డాలస్‌లో చెక్క ఇంటికి వాలు కప్పు కింద అటక లాంటి ఖాళీ ఉంటుంది, అక్కడ ఫైబర్ గ్లాసో సెల్యులోజో నింపేస్తారు. మనకి ఆ ఖాళీ లేదు, శ్లాబే కప్పు. కాబట్టి మన దగ్గర ఇన్సులేషన్ వేయాల్సింది శ్లాబు పైన. ముందు వాటర్ ప్రూఫింగ్, దాని మీద అంచులు కలిసేలా ఎక్స్‌పీఎస్ షీట్లు, ఆ పైన జియో టెక్స్‌టైల్ గుడ్డ, దానిమీద వాటంతో కాంక్రీటు పొర, చివరికి తెల్ల టైల్స్. ఎక్స్‌పీఎస్ బదులు మామూలు థర్మాకోల్ పెడతానంటే ఒప్పుకోకండి, అది నీళ్లు పీలుస్తుంది, బరువుకి అణుగుతుంది. ఈ పద్ధతిలో శ్లాబు, వాటర్ ప్రూఫింగ్ రెండూ నీడపట్టున ఉంటాయి, ఎక్కువకాలం బతుకుతాయి. మీ ఏసీ గది మీద చేయిస్తే గోడల అవతలికి కూడా రెండడుగులు సాగదీయించండి, లేకపోతే అంచుల్లోంచి వేడి దూరుతుంది.

కొంతమంది పాతకాలం మేస్త్రులు ఇటుక ముక్కల కోబా వేయమంటారు. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపిన సున్నంతో వేసిన పాత మద్రాస్ టెర్రస్‌లు ఈనాటికీ చల్లగా ఉన్న మాట నిజమే. కానీ బరువు చూసుకోవాలి. మనుషులు తిరిగే డాబాకి భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం లెక్కలో పెట్టుకునే లైవ్ లోడ్ (మనుషులు, సామాన్ల బరువు) చదరపు మీటరుకి 150 కిలోలు. నాలుగంగుళాల కోబా ఒక్కటే అంతకన్నా ఎక్కువ తూగుతుంది. డిజైన్‌లో ముందే లెక్కేసి ఉంటే పర్లేదు, పన్నెండేళ్ల తర్వాత కొత్తగా ఎత్తిపెట్టడం వేరు. మిద్దెతోట పిచ్చి ఉన్నవాళ్లకీ ఇదే హెచ్చరిక. ఆరంగుళాల తడి మట్టి డాబా అంతా పరిస్తే చదరపు మీటరుకి 250 కిలోలు దాటుతుంది. కుండీలు గోడల మీద, బీముల మీద పడేలా, అడుగున గాలి ఆడేలా స్టాండ్ల మీద పెట్టుకుంటే నీడా దొరుకుతుంది, కూరగాయలూ వస్తాయి.

రేకుల షెడ్డు విషయంలో పక్కింటాయన ఆలోచన సగం సరైనదే, శ్లాబు మీద ఎండ పడకుండా ఆపడం. కాకపోతే రేకు తానే కాగి కిందికి వేడి కుమ్మరిస్తుంది. ఎత్తుగా ఉండి నాలుగు పక్కలా తెరిచి ఉంటేనే ఉపయోగం. జనం ఏం చేస్తారంటే ఆర్నెల్లకి చుట్టూ గోడ కట్టి స్టోర్ రూము చేస్తారు, అంతటితో సరి. మున్సిపాలిటీ అనుమతి సంగతి ముందే కనుక్కోండి. గాలివానకి రేకులు ఎగరడం కూడా చిన్న విషయం కాదు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఎన్ని రేకులు ఎక్కడికి కొట్టుకుపోయాయో చూసినవాళ్లు మర్చిపోలేరు.

ఎలాగూ నీడ కోసం ఇనుము మీద డబ్బు పెడుతున్నప్పుడు అదే చోట సోలార్ ప్యానెళ్లు పెట్టొచ్చు కదా అంటాను. మూడు కిలోవాట్లకి సుమారు 300 చదరపు అడుగులు కావాలి, మన ఎండకి రోజుకి సగటున పన్నెండు యూనిట్ల వరకు వస్తాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. ప్యానెళ్లని సరిగ్గా అమ్మానాన్నల గది మీద వచ్చేలా అమర్చమనండి, కరెంటుతో పాటు ఆ గదికి నీడ ఉచితం. కానీ స్ట్రక్చర్ కాళ్లు బిగించకముందే లీకులు, కోటింగ్ పూర్తి చేసేయండి. తర్వాత ఆ కిందికి దూరి రోలర్ తిప్పడం ఎవరివల్లా కాదు. శ్లాబుకి బోల్టులు కొట్టకుండా, పైన కాంక్రీటు దిమ్మెలు పోసి వాటికి బిగించే పద్ధతి ఉంది. గాలికి తట్టుకునేంత బరువు దిమ్మెలకి ఉందో లేదో లెక్క చూపించమని అడగండి.

సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లే అలవాటు గురించి కూడా అడిగారు. అది పనిచేస్తుంది. లీటరు నీరు ఆవిరవుతూ, కరెంటు లెక్కలో చెప్పాలంటే, దాదాపు 0.67 యూనిట్ల వేడిని తీసుకుపోతుంది. వంద లీటర్లు ఆవిరైతే 67 యూనిట్లు, ఇంత వేడి లాగాలంటే మీ టన్నున్నర ఏసీ పూర్తి శక్తితో పన్నెండు గంటల పైన తిరగాలి. అయితే గాలిలో తేమ ఎక్కువున్న రోజు అంత త్వరగా ఆవిరవదు, పగుళ్లుంటే ఆ నీళ్లే కిందికి దిగుతాయి, మే నెలలో నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధుల్లో ఇది సిగ్గుచేటు కూడా. లీకులు లేని తెల్ల డాబా మీద ఎప్పుడైనా ఒకరోజు చల్లుకుంటే తప్పులేదు.

ఇది చదివే రేకుల ఇళ్లవాళ్లకి ఒక మాట. రేకుకి శ్లాబులాగా బరువు లేదు, ఎండ పడ్డ కొన్ని నిమిషాల్లోనే వేడి లోపలుంటుంది. అందుకే తెల్లరంగు ఫలితం వాళ్లకే అందరికన్నా ఎక్కువగా, ఆ రోజే తెలుస్తుంది. అహ్మదాబాద్‌లో 2017 నుంచి నడిపిన కూల్ రూఫ్ కార్యక్రమం పేదల ఇళ్ల మీద దృష్టి పెట్టింది కూడా ఇందుకే. ఇనుప రేకైతే తుప్పు గీకి ప్రైమర్ వేసి రంగు వేయండి. సిమెంటు రేకైతే పొడిగా గీకడం, గరుకు కాగితంతో రుద్దడం, రంధ్రాలు చేయడం వద్దు. అందులో ఆస్బెస్టాస్ ఉంటే ఆ ధూళి ఊపిరితిత్తులకి మహా చెడ్డది. తడిపి, మెత్తటి చీపురుతో తుడిచి వేయాలి. పాత రేకు మీద కాలు మోపితే విరుగుతుంది, పలకలు వేసుకుని ఎక్కండి.

మీ ఇంట్లో ఇంకొకటి గమనించాను. అమ్మానాన్నల గది నైరుతి మూలన ఉందన్నారు. అంటే మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా పడమటి గోడ మీదా ఎండే. డాబా ఎంత తెల్లగా చేసినా ఆ గోడ, ఆ కిటికీ తమ వంతు వేడి తెస్తూనే ఉంటాయి. కిటికీ బయటివైపు వెదురు తడికో, షేడ్ నెట్టో కట్టండి. లోపల వేసే కర్టెన్ అప్పటికే అద్దం దాటి వచ్చిన వేడిని ఆపలేదు. గోడకి కూడా లేత రంగు వేయించండి. ఇప్పుడు దానికున్న మెరూన్ రంగు అందంగానే ఉంది కానీ పడమటి గోడకి అది తగదు.

పని మొదలుపెట్టకముందు వారం రోజులు, రోజూ ఒకే సమయానికి మీటరు రీడింగ్, ఆ రోజు గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక కాగితం మీద రాసుకోండి. కోటింగ్ అయ్యాక అంతే వేడి ఉన్న రోజులు ఏరుకుని మళ్లీ రాయండి. ఏసీ 22 మీద ఉంటే ఈసారి 26కి పెట్టి ఫ్యాను వేసి చూడమనండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో లెక్క. ఇన్నాళ్లూ ఆ గదిలో 26 చాలకపోవడానికి సీలింగ్ కాగడం పెద్ద కారణం కాబట్టి, ఇప్పుడు సరిపోవచ్చు. సరిపోతే ఎక్స్‌పీఎస్ జోలికి ఈ ఏడాది వెళ్లొద్దు. సరిపోకపోతే శ్లాబు కొలతలు, బీములు ఎక్కడున్నాయో పంపండి, ఆ గది ఒక్కదానికి ఏ మందం చాలునో లెక్కేసి చెప్తాను.